తిరుపతిలో కానిస్టేబుల్‌గా చేరాలా, ఎస్సై కోసం ఆగాలా?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రేణిగుంట దగ్గర పల్లె, బీఎస్సీ అయింది, సివిల్ కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యావు. నాన్న "డిగ్రీ చదివి కానిస్టేబులేంటి, ఎస్సైకి రాయి" అంటున్నారు. అమ్మకేమో రాత్రి డ్యూటీల గురించి భయం. చివర్లో నువ్వు ఇంకో మాట అడిగావు: "తిరుపతిలో పోలీసంటే క్యూల దగ్గర నిలబడి జనాన్ని తోయడమేనా? అందులో నేర్చుకోవడానికి ఏముంది?"

నేను 1982లో కానిస్టేబుల్‌గా చేరి 2019లో ఎస్సైగా రిటైరయ్యాను. ఆ ముప్ఫై ఏడేళ్ళలో ఎక్కువ భాగం తిరుపతి, తిరుమలలోనే గడిచింది. నీది నా చిన్న కూతురి వయసు, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

చేరిపో. ఆగవద్దు. ఎస్సై పరీక్ష లోపల ఉండి రాసుకో.

ఎందుకంటే, నీ బ్యాచ్ సంగతే చూడు. నోటిఫికేషన్ 2022 నవంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరిలో అయ్యాయి. పరుగు పరీక్షలు 2024 డిసెంబరు దాకా జరగలేదు. ఫైనల్ పరీక్ష 2025 జూన్‌లో, ఫలితాలు ఆగస్టులో. అప్లై చేసినప్పుడు నువ్వు ఇంటర్ అయి డిగ్రీలో ఉండి ఉంటావు. ఆ నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ పోస్టులు 6,100, ఎస్సై పోస్టులు 411. అంతకు ముందు ఎస్సై నోటిఫికేషన్ వచ్చింది 2018లో. తర్వాతది ఎప్పుడొస్తుందో చూస్తూ ఇంట్లో కూర్చుంటే నీ వయసు ఆగదు. లోపల ఉన్నవాళ్ళు అనుమతి తీసుకుని పై పోస్టుకి రాసుకోవచ్చు. మా స్టేషన్‌లో రాత్రి సెంట్రీ డ్యూటీలో అంకగణితం పుస్తకం పట్టుకుని కూర్చున్న కుర్రవాడు తర్వాత ఎస్సై అయ్యాడు, నేను రిటైరయ్యేనాటికి సీఐ.

జీతం తేడా ఉంది, కాదనను. మీ నోటిఫికేషన్‌లోనే కానిస్టేబుల్ మూలవేతనం 25,220 నుంచి, ఎస్సైది 44,570 నుంచి మొదలవుతుంది. నాన్న బాధ అర్థం చేసుకోదగ్గదే. ఇంకో తేడా కూడా ఆయనకి చెప్పు. కానిస్టేబుల్‌ది జిల్లా కేడర్, ఎస్సైది జోన్ కేడర్. ఎస్సై అయితే రాయలసీమలో ఎక్కడికైనా వేస్తారు. కానిస్టేబుల్‌గా సొంత జిల్లాలోనే ఉంటావు. అమ్మ భయానికి ఇదే కొంత జవాబు.

ఇక నువ్వు అడిగిన అసలు మాటకొస్తాను.

క్యూ దగ్గర నిలబడటం నిజమే. తోయడం మాత్రం కాదు. తోసే పరిస్థితి వచ్చిందంటే అప్పటికే ఎక్కడో తప్పు జరిగిపోయిందన్నమాట.

1985 గరుడసేవ. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి. నాకు ఇరవై ఆరేళ్ళు, మాడవీధిలో పాయింట్ డ్యూటీ, అంటే అప్పగించిన ఒకే చోట నిలబడి కాపలా. మా హెడ్ కానిస్టేబుల్ పొద్దున్నే రోల్ కాల్‌లో చెప్పాడు: "స్వామికి వీపు, జనానికి ముఖం. వాహనం దాటిపోయిందాకా తల తిప్పకూడదు." విన్నాను. కానీ నాకు కొత్తగా పెళ్ళయింది, మా ఆవిడ మొక్కు ఒకటి చెప్పి పంపింది. గరుడ వాహనం నా ముందుకొచ్చేసరికి ఆగలేకపోయాను. తిరిగి దండం పెట్టుకున్నాను. అరనిమిషం కూడా కాదు. అప్పుడే నా వెనక జనం ఒక్కసారి ముందుకు ఒరిగారు. తాడు బిగుసుకుంది. తాడుకీ కర్రకీ మధ్య ఎనిమిదేళ్ళ పాప చెయ్యి ఇరుక్కుని మణికట్టు విరిగింది. నేను జనం వైపు చూస్తూ ఉంటే ఆ ఒరగడం ముందే కనిపించేది. భుజాలు కదలడం మొదలవుతుంది, వెనక వరసల్లో పిల్లల్ని పైకెత్తుకుంటారు, అప్పుడు ఐదారు సెకన్లు మన చేతిలో ఉంటాయి. ఆ పాపని నేనే ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాను. ఏడుపు ఆపుకుంటూ నా చొక్కా బొత్తాన్ని గట్టిగా పట్టుకుంది. మా పైవాళ్ళకి నేనే చెప్పుకున్నాను. మెమో ఇచ్చారు, న్యాయమే.

ఆ తర్వాత ఎన్నో గరుడసేవలకి డ్యూటీ చేశాను, ఒక్కటీ చూడలేదు. గోవింద నామం ఏ వైపు నుంచి పెరుగుతోందో విని వాహనం ఎక్కడుందో చెప్పగలిగేవాణ్ణి. రిటైరైన ఏడాది, 2019 అక్టోబరులో, మా ఆవిడతో కలిసి పొద్దున్నుంచి గ్యాలరీలో కూర్చుని మొదటిసారి పూర్తిగా చూశాను. అప్పుడు కూడా నా కళ్ళు మాటిమాటికీ అక్కడ నిలబడ్డ కానిస్టేబుల్ మీదికే పోయాయి. ఇరవై మూడేళ్ళ అమ్మాయి. స్వామి ఎదురుగా వచ్చినా ఒక్కసారి కూడా తిరగలేదు.

జనం విషయంలో నువ్వు నేర్చుకోవాల్సింది పుస్తకంలో కొంతే దొరుకుతుంది. నాకు తెలిసింది చెబుతాను.

ముందు వరసలో ఉన్నవాడు తోయడు, నలుగుతాడు. తోసేది వెనకవాళ్ళు, కావాలని కాదు. ముందు ఏం జరుగుతోందో వాళ్ళకి కనిపించదు, వినిపించదు. "గేటు తీశారట" అని ఒక్కడు అంటే చాలు. అందుకని మైకు ముందువాళ్ళకి కాదు, వెనకవాళ్ళకి వినపడాలి. ఏమీ జరగనప్పుడు కూడా ప్రతి పది నిమిషాలకీ చెబుతూ ఉండాలి: గేటు ఇంకా తీయలేదు, ఇంత టైమ్ పడుతుంది, కూర్చోండి అని. కూర్చున్న జనం తొక్కుకోరు. నీళ్ళు, మజ్జిగ కూర్చున్న చోటికే పంపాలి, ఒక చోట పెట్టి పిలవకూడదు. నీరసించిన మనిషిని ముందు గేటు నుంచి బయటికి తీయకూడదు. అది తీస్తే అందరూ తమకే తీశారనుకుంటారు. పక్కన వేరే దారి మొదటినుంచీ ఖాళీగా ఉంచుకోవాలి. ఆ దారిలో పోలీసు జీపు కూడా ఆపనివ్వకూడదు. ఆ విషయంలో నేను పైఅధికారి డ్రైవర్లతో కూడా గొడవపడ్డాను.

అన్నిటికంటే ముఖ్యం, ఆపాల్సింది దూరంగా ఆపాలి. గేటు దగ్గర ఆపినవాడు వెనక్కి పోలేడు, నిలబడే ఉంటాడు. అలిపిరిలోనో, అంతకు ముందు బస్సు దిగే చోటనో ఆపితే చెట్టు కింద కూర్చుంటాడు, టిఫిన్ తింటాడు, పిల్లల్ని పడుకోబెడతాడు.

2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం మన ఊరికి వచ్చినవాళ్ళలో ఆరుగురు తొక్కిసలాటలో చనిపోయారు. నేను ఇంట్లో టీవీ ముందు ఉన్నాను. లుంగీ మీదే రోడ్డు మీదికి వచ్చేశాను, ఎక్కడికి వెళ్ళాలో, వెళ్ళి ఏం చేయాలో తెలియలేదు. ఎవరిది తప్పు అని ఇక్కడ నేను మాట్లాడను, అక్కడ లేను. కానీ ఆ రాత్రి నుంచి, క్యూ దగ్గర నిలబడే పనిని ఎవరైనా చిన్నగా మాట్లాడితే నాకు మనసు చివుక్కుమంటుంది. నీ ప్రశ్నకి ఇంత పొడుగు జవాబు రాస్తున్నది అందుకే.

ఇంకొకటి. పెద్ద బందోబస్తులకి బయట జిల్లాల నుంచి సిబ్బంది వస్తారు. కష్టపడతారు, కానీ వాళ్ళకి సందులు తెలియవు. గోవిందరాజస్వామి గుడి వెనక నుంచి రైల్వే స్టేషన్‌కి అంబులెన్స్ ఏ దారిన పోతుందో, గంగమ్మ జాతరప్పుడు తాతయ్యగుంట దగ్గర ఏ వీధి ఎన్ని గంటలకి మూసుకుపోతుందో చెప్పేది లోకల్ కానిస్టేబులే. జాతర చివర్లో మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపంలోని మట్టిని ప్రసాదంగా తీసుకోవడానికి జనం ఎగబడతారు. అప్పుడు ఆ సందుల జ్ఞానం ప్రాణాలు కాపాడుతుంది. నువ్వు ఈ ఊరి పిల్లవి. అది నీకు పుట్టుకతో వచ్చిన అర్హత.

ఇక రోజువారీ పని. ఇక్కడ స్టేషన్‌కి వచ్చేవాళ్ళలో సగం మంది మన ఊరివాళ్ళు కారు. తప్పిపోయినవాళ్ళు, పర్సు పోయినవాళ్ళు, గదికి డబ్బు కట్టి మోసపోయినవాళ్ళు.

తప్పిపోయిన పిల్లల విషయంలో నాకు ఒక పాఠం ఉంది. తమిళనాడు నుంచి వచ్చిన తల్లి ఫోటో చూపించింది, వంకీల జుట్టు, నాలుగేళ్ళ బాబు. ఆ ఫోటో పట్టుకుని రెండు గంటలు తిరిగాం. బాబు అంతసేపూ మా పక్క పాయింట్‌లోనే ఉన్నాడు, ఒక హోంగార్డు ఒడిలో. గుండు, తలనిండా గంధం. ఫోటో చూసిన ఎవరికీ ఆ పిల్లాడే అని తట్టలేదు. కంగారులో తల్లి కూడా చెప్పలేదు. అప్పటినుంచి నా మొదటి ప్రశ్న పేరు కాదు, "గుండు కొట్టించారా?" ముసలివాళ్ళకీ ఇదే. రెండో ప్రశ్న, చెప్పులు ఎలాంటివి అని. చొక్కా మారుస్తారు, చెప్పులు మార్చరు. పిల్లాడు దొరికితే ముందు వాడి భాషలో మాట్లాడాలి. రేణిగుంట వైపు పిల్లవి కాబట్టి నీకు తమిళం కొంచెం వచ్చే ఉంటుంది. కన్నడం, హిందీ కూడా పని నడిచేంత నేర్చుకో. ట్రైనింగ్‌లో ఇది ఎవరూ పెద్దగా చెప్పరు.

లాడ్జీల సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయాలి, ఎందుకంటే ఇది తెలియకుండా వస్తే మొదటి ఏడాదిలోనే కుంగిపోతావు. అప్పులపాలై, ఇంట్లో గొడవపడి, చివరిసారి స్వామిని చూసి ప్రాణం తీసుకుందామని ఇక్కడికి వచ్చేవాళ్ళు ఉంటారు. శవ పంచనామాకి వెళ్ళాల్సి వస్తుంది. వాళ్ళ ఇంటికి ఫోన్ చేసి చెప్పాల్సిందీ చాలాసార్లు కానిస్టేబులే. అదే బీట్ బాగా చేసే కానిస్టేబుల్ అయితే కొందర్ని ముందే పట్టుకుంటుంది. ఒకసారి లాడ్జీ కుర్రవాడు టీ తాగుతూ మాటల్లో అన్నాడు, "పైన ఒకాయన సంచి కూడా లేకుండా వచ్చాడు సార్, మూడు రోజులకి డబ్బు కట్టేశాడు, టిఫిన్ వద్దంటున్నాడు" అని. నేను పైకి వెళ్ళి తలుపు కొట్టి, ఊరికే ఏ ఊరు అని మాట కలిపాను. రెండు గంటలు కూర్చున్నాను. మరుసటి రోజు ఆయన తమ్ముడు వచ్చి తీసుకెళ్ళాడు. ఆ కుర్రవాడు నాకు ఆ మాట ఎందుకు చెప్పాడు? అంతకు ముందు మూడేళ్ళు నేను వాళ్ళ రిజిస్టర్ చూసి సంతకం పెట్టి ఊరుకోకుండా, వాడి పేరు అడిగి మాట్లాడేవాణ్ణి కాబట్టి.

నా తప్పు ఇంకొకటి కూడా చెప్పాలి. కొత్తలో ఒక మహారాష్ట్ర జంట స్టేషన్‌కి వచ్చారు. రైల్లో గొలుసు పోయింది, ఎక్కడ పోయిందో చెప్పలేకపోతున్నారు. "ఇది మా పరిధి కాదు, రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్ళండి" అని పంపేశాను. వాళ్ళు అక్కడికి వెళ్తే మళ్ళీ మా దగ్గరికే పంపారు. పొద్దున వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా తిరిగి, దర్శనం కూడా మానుకుని రైలెక్కారు. ఇప్పుడు ఆ మాట అనే వీలు లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకుని రాయాల్సిందే, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఎఫ్ఐఆర్‌కి 154, శవ పంచనామాకి 174 అని మేము కంఠతా పట్టినవి ఇప్పుడు 173, 194 అయ్యాయి. సోదా చేస్తే వీడియో తీయాలి, అది సెక్షన్ 105. ఏడేళ్ళు, ఆ పైన శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలి, అది 176. బీఎస్సీ చదివినదానివి, ఈ పనుల్లో మా తరం హెడ్ కానిస్టేబుళ్ళు నీ వైపే చూస్తారు. దర్శనం టికెట్లు, గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లలో డబ్బు పోగొట్టుకుని వచ్చే భక్తుణ్ణి కూర్చోబెట్టి, ఫిర్యాదు రాసుకునేలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాలి. డబ్బు ఆగేది మొదటి గంటల్లోనే.

ఆడపిల్లగా నీకు వేరుగా ఏముంటుంది అని అమ్మ అడుగుతారు. రాత్రి డ్యూటీలు ఉంటాయి, అబద్ధం చెప్పను. కానీ ఒంటరిగా పంపరు. మహిళల తనిఖీ, క్యూల్లో మహిళల వరస, ఆడవాళ్ళు ఫిర్యాదు చెప్పుకోవడం, వీటికి మహిళా సిబ్బంది ఎప్పుడూ చాలరు, అందుకని పని ఎక్కువే పడుతుంది. అలిపిరి తనిఖీ దగ్గర ఎనిమిది గంటలు బ్యాగులు చూస్తుంటే కళ్ళు పనిచేయవు. అలాంటప్పుడు నేను 2003 అక్టోబరు 1 గుర్తుచేసుకునేవాణ్ణి. బ్రహ్మోత్సవాలకి వస్తున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారి కాన్వాయ్ మీద ఆ అలిపిరిలోనే మందుపాతరలు పేలాయి. ఆ రోజు నేను కింద ఊళ్ళో డ్యూటీలో ఉన్నాను, చప్పుడు తర్వాత వైర్‌లెస్ సెట్‌లో వచ్చిన గొంతులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

చేరేముందు తెలుసుకోవాల్సిన కష్టాలు కూడా ఉన్నాయి.

పండగలు నీవి కావు. ఉగాది, సంక్రాంతి, వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాలు, అన్నీ బందోబస్తే. మా పెద్దమ్మాయి అన్నప్రాసన రోజు నేను ఘాట్ రోడ్డులో ఉన్నాను. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అవతలివాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పండి.

ప్రమోషన్ నిదానం. నాకు హెడ్ కానిస్టేబుల్ కావడానికి పదహారేళ్ళు పట్టింది.

కాళ్ళు పాడవుతాయి. నిలబడి నిలబడి నా తోటివాళ్ళలో చాలామందికి కాళ్ళలో నరాలు ఉబ్బాయి, నాకూ ఉంది. బీపీ, షుగర్ నలభైలోపే పట్టుకుంటాయి. నిలబడ్డప్పుడు మడమలు ఎత్తి దించుతూ ఉండు, నీళ్ళు తాగడం మానకు. బాత్రూమ్ దొరకదని మహిళా సిబ్బంది నీళ్ళే తాగరు, తర్వాత కిడ్నీలో రాళ్ళు. పాయింట్ వేసినప్పుడే దగ్గర్లో బాత్రూమ్ ఎక్కడుందో అడుగు, సిగ్గుపడకు. లేకపోతే లేదని పైవాళ్ళకి చెప్పు.

డబ్బు. ఎవరో ఒకరు మొదటి నెలలోనే దర్శనం చేయించమని నోటు చేతిలో పెడతారు. తీసుకోకు. నీతి పాఠం చెప్పడం లేదు, నేను చూసింది చెబుతున్నాను: ఒక్కసారి తీసుకున్నవాడికి ఆ గేటు దగ్గర మాట చెల్లదు. వరసలో నిలబడ్డ వాళ్ళందరూ చూస్తూ ఉంటారు. నువ్వు "కూర్చోండి" అంటే కూర్చునే జనం, అతను అంటే కూర్చోరు. బంధువుల నుంచి కూడా ఇదే ఒత్తిడి వస్తుంది, "మన పిల్ల పోలీసు కదా" అని. ఇంట్లోవాళ్ళతో ఈ మాట ఇప్పుడే మాట్లాడుకో.

పైవాళ్ళ మాట తప్పనిపించిన రోజులు ఉంటాయి. అప్పుడు వాదన పెట్టుకోకు, కానీ నువ్వు చూసింది సెట్‌లో స్పష్టంగా చెప్పు, టైమ్‌తో సహా. స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే జనరల్ డైరీలో రాయించు. ఒక బందోబస్తులో నేను "ఈ వైపు నిండిపోయింది, ఇంక పంపొద్దు" అని మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆపారు. మొదటిసారికే ఆపరని నేనూ చెప్పడం మానేసి ఉంటే ఏమయ్యేదో.

నాన్నకి ఈ జవాబు చదివి వినిపించు. ఆయన అడిగే మాటలు ఇంకేమైనా ఉంటే ఇక్కడే రాయి, రాత్రి ఎనిమిది తర్వాత చూస్తాను.

ట్రైనింగ్ తొమ్మిది నెలలు. వెళ్ళేలోపు రోజూ పొద్దున ఐదు కిలోమీటర్లు నడువు, పరిగెత్తకపోయినా ఫర్వాలేదు. బూట్లు సాయంత్రం పూట కొను, కాళ్ళు కొంచెం వాచి ఉంటాయి కాబట్టి అప్పుడు సరిపోయినవే రోజంతా సరిపోతాయి. కుదిరితే ఒక శనివారం అలిపిరికి వెళ్ళి, మెట్లు ఎక్కకుండా, రెండు గంటలు ఒక పక్కన నిలబడి వచ్చేవాళ్ళ ముఖాలు చూస్తూ ఉండు. ఎవరు అలిసిపోయారో, ఎవరు ఎవర్ని వెతుకుతున్నారో గుర్తుపట్టగలుగుతున్నావేమో చూసుకో.